పిలిచాడా, పిలవలేదా

ఇద్దరు టెస్ట్ బ్యాట్స్‌మన్లలో ఎవరు గొప్ప అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరికే విసుగు కాదు, రోత. తింటున్న అన్నంలో వెంట్రుక తగిలినట్టు ఉంటుంది. ఆడమనిషి, క్రికెట్ తెలియక అంటోందని అనుకునేరు. మా ఇంట్లో ఆ ఆట నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలుసు కాబట్టే రోత.

ఆ ఇద్దరి పేర్లూ రాయను. రాస్తే మీలో సగం మంది ఇక్కడే ఆగిపోయి నాతో పోట్లాటకి దిగుతారు, మిగతా సగం మంది వాళ్ళతో దిగుతారు. ఒకాయన్ని నిలకడాయన అంటాను, ఇంకొకాయన్ని దూకుడాయన అంటాను. ఇద్దరూ ఒకే జట్టులో చాలా ఏళ్ళు ఆడారు, ఇద్దరూ ఆట మానేసి కూడా చాలా ఏళ్ళయింది. వాళ్ళు హాయిగా వాళ్ళ ఇళ్ళలో ఉన్నారు. మా ఇల్లే తగలబడింది. మా అమ్మాయి పెళ్ళి ఇంకో మూడు వారాలుందనగా, వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప అన్న మాట మీద నా మొగుడూ నా తమ్ముడూ తెగతెంపులు చేసుకున్నారు. నా తమ్ముడంటే మా పిల్లకి ఒక్కగానొక్క మేనమామ. మాలో పెళ్ళికూతురిని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తే తప్ప పందిట్లోకి రాదు. వాడు మొయ్యనన్నాడు.

ముందు నుంచీ చెప్తాను. మాది కోల్‌కతాలో గార్డెన్ రీచ్. మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి వచ్చి ఇక్కడ డాక్‌లో వించి నడిపేవాడు. ఓడ కడుపులోంచి సరుకుని ఇనుప తాళ్ళతో పైకెత్తి ఒడ్డున దించే మిషన్ అది. ఆయనకి క్రికెట్ అంటే ప్రాణం. రేడియోలో కామెంటరీ హిందీలోనూ బెంగాలీలోనూ వచ్చేది, గబగబా చెప్పేస్తుంటే ఆయనకి సగమే అందేది. బళ్ళో చదువుకుంటున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటంటన్నాడే? ఏటంటన్నాడు?" అని మోచేత్తో పొడిచేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. అలా చెప్పీ చెప్పీ పదేళ్ళొచ్చేసరికి సిల్లీ పాయింట్ ఎక్కడుంటుందో, బంతి పాతబడితే ఎటు తిరుగుతుందో నాకు వచ్చేసింది. పెద్దయ్యాక పోర్టు దగ్గర తెలుగు బళ్ళో టీచర్నయ్యాను. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూసేసేదాకా అక్కడే పాఠాలు చెప్పాను.

మా ఆయన ఓడలు కట్టే యార్డులో వెల్డర్. మా తమ్ముడు మునిసిపాలిటీ నీళ్ళ పంపుహౌస్‌లో ఆపరేటర్. నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఎవరు ఎవరి పక్షమో మనుషుల్ని చూస్తేనే తెలిసిపోతుంది. మా ఆయనకి మాట ముందు, ఆలోచన తర్వాత. బస్సు పూర్తిగా ఆగకముందే దూకేస్తాడు, ఇప్పటికీ, ఈ మోకాళ్ళతో. ఆయన దూకుడాయన మనిషి. మా తమ్ముడు చెప్పులు విప్పితే రెండూ పక్కపక్కన సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని లోపలికొస్తాడు. వాడు నిలకడాయన మనిషి. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆదివారం ఆదివారం మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వీళ్ళిద్దరికీ ఇదే గోల.

ఆ వాదన వినాలి మీరు. ఛీ!

"నీవోడు వంద బంతులు గోకితే పాతిక పరుగులు. సూసినోడికి ఆవలింతలు" అనేవాడు మా ఆయన.

"టెస్టు మేచిలో జనం ఆవలిస్తే ఏటి బావా? మేచి మిగలాలా వొద్దా?" అనేవాడు తమ్ముడు.

"మావోడు గంట ఆడితే సాలు, అవతలోళ్ళకి దడ."

"ఆ గంట తరవాత నీవోడు పెవిలియన్‌లో కూకుని చప్పట్లు కొడతాడు. మిగిలిన రోజంతా మావోడే ఆడాల."

ఇంతే. ఇరవై ఏళ్ళు ఇవే నాలుగు మాటలు. బల్లలు గుద్దడం, తొడలు చరుచుకోవడం, మధ్యలో దారినపోయే బెంగాలీ ఆయన్ని పట్టుకుని "దాదా, మీరే చెప్పండి" అని లాగడం. ఆ దాదాకి ఇంకో అభిప్రాయం ఉంటుంది, అది ఇంకో అరగంట. ఆ మధ్య ఫోన్లు వచ్చాక మరీ రోత పెరిగింది. ఎవడో సంగీతం కలిపి అతికించిన ముప్పై సెకన్ల వీడియో చూసి, ఐదు రోజుల ఆట గురించి తీర్పులు.

నిజంగా పోల్చాలంటే పోల్చడానికి బోలెడుంది. నిలకడాయన గొప్పతనం కొట్టిన బంతుల్లో కాదు, వదిలేసిన బంతుల్లో ఉంది. శీతాకాలం పొద్దున్న ఈడెన్ గార్డెన్స్‌లో గంగ మీది మంచు ఇంకా పూర్తిగా విడవనప్పుడు కొత్త బంతి గాల్లోనే పక్కకి జారుతుంది. అది ఆఫ్ స్టంప్‌కి బెత్తెడు దూరంలో పోతుందని బౌలర్ చెయ్యి విడిచినప్పుడే ఆయనకి తెలిసిపోయేది. బ్యాట్ పైకెత్తి పోనిచ్చేవాడు. ఆడక తప్పనిది వస్తే గడ్డం కిందదాకా రానిచ్చి, చేతులు వదులుగా పెట్టి ఆడేవాడు. ఎడ్జ్ తగిలినా స్లిప్ వాళ్ళ ముందే నేల మీద పడిపోయేది. దూకుడాయనకి ఆ ఓపిక ఏ జన్మలోనూ లేదు. కొత్త బంతి కనబడితే చెయ్యి దురద. కానీ నాలుగో రోజు పిచ్ పగుళ్ళిచ్చి, స్పిన్నర్ వేసింది ఎటు లేస్తుందో ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు, నిలకడాయన క్రీజ్‌లో ఇరుక్కుపోయి ప్యాడ్ అడ్డం పెట్టుకుంటూ కూర్చునేవాడు. దూకుడాయన రెండడుగులు ముందుకి దూకి, బంతి నేల తాకకముందే ఎత్తి కొట్టేవాడు. రెండుసార్లు అలా కొడితే ఆ స్పిన్నర్‌కి తన వేళ్ళ మీద తనకే నమ్మకం పోయేది. మొదటి ఇన్నింగ్స్‌కి నాకు నిలకడాయన కావాలి, నాలుగో ఇన్నింగ్స్‌కి దూకుడాయన కావాలి. ఇదీ నా తీర్పు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఎవరూ అడగలేదు. టీ పెట్టమని మాత్రం అడిగారు.

వాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి ఒకే ఒక్క రనౌట్ దగ్గరికి వచ్చి పడేవారు. మా నాన్న పోయిన కొన్ని నెలలకి విదేశాల్లో జరిగిన మ్యాచ్ అది, టీవీలో చూశాం. ఇద్దరూ క్రీజ్‌లో ఉన్నారు. నిలకడాయన కాళ్ళ మీద పడ్డ బంతిని వెనక్కి, ఫైన్ లెగ్ వైపు తోశాడు. బంతి వెనక్కి పోతే కొట్టినవాడికి కనబడదు, పరుగుకి పిలుపు అవతలి చివర ఉన్నవాడిది. అవతల ఉన్నది దూకుడాయన, వందకి దగ్గర్లో ఉన్నాడు. పరిగెత్తాడు. సగం దూరం వచ్చేశాడు. నిలకడాయన కదలలేదు. దూకుడాయన వెనక్కి తిరిగేలోపు వికెట్లు ఎగిరిపోయాయి. ఆ తర్వాత నిలకడాయన రోజున్నర నిలబడి మ్యాచ్ డ్రా చేశాడు.

దూకుడాయన పరుగెత్తేముందు పిలిచాడా, పిలవలేదా? అదీ ప్రశ్న. కెమెరాకి ఆయన వీపు కనబడింది, నోరు కనబడలేదు. మైకులో జనం అరుపులు తప్ప ఏమీ వినబడలేదు. పిలిచాడు అనేవాడు మా ఆయన. పిలవలేదు అనేవాడు మా తమ్ముడు. ఇద్దరి మొహాలూ అక్కడికి వచ్చేసరికి మారిపోయేవి. అంతవరకూ ఉన్న వేళాకోళం ఎక్కడికో పోయేది. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఇక పెళ్ళి సంగతి. మా అమ్మాయి సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తుంది. పెళ్ళికొడుకుది అదే ఆఫీసు, వాళ్ళు న్యూ టౌన్‌లో ఉంటారు, హైదరాబాదు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళి పనులు మాట్లాడుకోవడానికి ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చారు. మా వియ్యంకుడు మంచి మనిషి, పాపం, కలుపుగోలుగా ఉందామనుకున్నాడు. పప్పూ చేపల పులుసూ వడ్డిస్తున్నాను. ఆయన ఫోన్ తీసి ఏదో వీడియో పెట్టి, "బావగారూ, గీ ఇద్దర్ల ఎవరు గొప్పంటరు? నాకైతే ఎటూ తేలుతలేదు" అన్నాడు.

ఆ వీడియోలో ఉన్నది ఆ రనౌటే. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"తేలకపోడానికి ఏటుందండీ?" అన్నాడు మా ఆయన. "పక్కోడు పిలిస్తే కదల్నోడు. సగం దూరం వొచ్చీసినోణ్ణి సూస్తా బేటు క్రీజులో పెట్టుకుని నిల్చున్నాడు. అలాంటోడు ఎన్ని వందలు కొడితే ఏటి?"

మా తమ్ముడు కలిపిన ముద్ద విస్తట్లో వదిలేశాడు. "పిలిస్తే కదా కదలడానికి. పిలవనేదు. పిలిచినానని తరవాత ఊరందరికీ సెప్పుకున్నాడు. మంచోడు అనిపించుకున్నాడు."

"పిలిచినాడు!"

"పిలవనేదు బావా!"

"నాకు తెల్దేటి? నానక్కడే ఉన్నాను. నువ్వే నేవు!"

మా వియ్యంకుడు ఒకసారి ఈయన్నీ ఒకసారి వాణ్ణీ చూసి, "అగో, మీరు ఆ దేశం పోయి చూసిండ్రా మ్యాచ్?" అన్నాడు.

తమ్ముడు లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "బుట్ట మొయ్యడానికి నీ దూకుడోణ్ణే పిలుసుకో. నువ్వు పిలిస్తే వొస్తాడు గదా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. చేపల పులుసు చల్లారిపోయింది. వియ్యపురాలు ఏదో చీరల మాట ఎత్తింది.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి మా మీద విరుచుకుపడింది. "క్రికెట్ కోసమా? సీరియస్‌గా? ఛీ ఛీ! మామ లేకపోతే నేను బుట్టలో కూర్చోను. పందిట్లోకే రాను. రిజిస్ట్రార్ ఆఫీసుకి పోయి సంతకం పెట్టేస్తాం, మీరు ఇంట్లో టీవీ చూసుకోండి."

"మేనమామ వరస వాళ్ళు మనకి ఇంకా ఉన్నారు గదే" అని మా ఆయన గొణిగాడు.

"వరస వాళ్ళు నన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్ళారా? టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చున్నారా?" అని అది తలుపు వేసుకుంది. అది అన్నదంటే చేసేస్తుంది. అచ్చం తండ్రి.

అందరూ అది క్రికెట్ గొడవ అనుకున్నారు. నాకొక్కదానికే తెలుసు, కాదని. ఎలా తెలుసో చెప్పాలంటే మా నాన్న పోయిన రోజు గురించి చెప్పాలి.

డాక్‌లో మా వాళ్ళకి ఒక కట్టడి ఉండేది. డ్యూటీ మీద ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదు. మా నాన్న చూస్తుండగా జరిగిందట. పక్క వించి నడిపేవాడికి ఎవరో పరుగెత్తుకొచ్చి బిడ్డ పోయిందని చెప్పారు. వాడి చెయ్యి వణికింది. పైకి లేచిన సరుకు జారి కింద ఓడలో ఉన్న ఇద్దరి మీద పడింది. అప్పటి నుంచి మా నాన్నే మేముండే క్వార్టర్ల లైన్లో ఇంటింటికీ తిరిగి చెప్పాడు: "ఎవులు పోనీ, ఏటైపోనీ, షిఫ్టు దిగిందాకా కబురు సెప్పకండి. గేటు కాడ నిలబడండి." మా లైన్లో ఆడవాళ్ళు చావు కబుర్లు కొంగులో పట్టుకుని గంటలు గంటలు గేటు దగ్గర నిలబడటం నేను చిన్నప్పుడు చూశాను. తప్పని ఎవరికీ అనిపించేది కాదు.

నాన్నకి గుండె నొప్పి వచ్చింది ఒక పొద్దున్న. మా ఆయన టాక్సీ పిలిచి ఎక్కిస్తూ, "నువ్వు బూత్‌కెల్లి నీ తమ్ముడికి పోన్ చెయ్. బేగి రమ్మను" అన్నాడు. సెల్ ఫోన్లు మా దాకా రాని రోజులు. వాడు అప్పుడు పంపుహౌస్‌లో కొత్తగా చేరాడు, పొద్దుటి షిఫ్టు, రెండింటికి దిగుతాడు. నేను బూత్‌కి వెళ్ళాను. రిసీవర్ ఎత్తాను. సగం నంబర్ తిప్పాను. మోటార్లు, స్విచ్చులు, చేతులు వణికితే ఏమవుతుందో అనుకున్నాను. నాన్న చెప్పిన మాటే కదా అనుకున్నాను. పెట్టేశాను. నాన్నకి తగ్గిపోతుంది, రెండింటికి గేటు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా చెప్దాం అనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళేసరికి నాన్న మా ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "గుంటడొచ్చినాడేటి?" అని కొడుకు గురించి అడిగాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మా ఆయన నావైపు తిరిగి, "పోన్ చేసినావా?" అన్నాడు. నేను ఆఁ అన్నాను. చేశాను, వస్తున్నాడు అన్నాను. పన్నెండు దాటాక నాన్న పోయాడు. రెండింటికి పంపుహౌస్ గేటు దగ్గర నిలబడ్డాను. తమ్ముడు బయటికి వచ్చాడు, చెప్పాను. వాడు నమ్మలేనట్టు చూసి, "పొద్దున్న నుంచీ ఉంటే నాకు ఎవులూ పోన్ చెయ్యనేదేటప్పా?" అన్నాడు. "మీ బావ చేస్తానన్నాడ్రా. మరి చేసినాడో నేదో" అన్నాను.

రాస్తుంటే నా చేతుల మీద నాకే అసహ్యమేస్తోంది. ఫోన్ చెయ్యకపోవడం మూర్ఖత్వం, దాన్ని నేను ఏదోలా మింగగలను. ఆ తర్వాత ఆడిన రెండు అబద్ధాలు మింగుడుపడవు. మా ఆయన లెక్కలో, పిలిచినా తమ్ముడు రాలేదు, ఉద్యోగం పోతుందని తండ్రి చావుకి కదలలేదు. తమ్ముడి లెక్కలో, బావ కావాలనే పిలవలేదు, కొడుకు స్థానంలో తానే ఉండి మంచివాడు అనిపించుకున్నాడు. ఆ మాట ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ అడగలేదు. అడిగితే బంధుత్వం పోతుందని భయం. అందుకని ఇరవై ఏళ్ళు ఒక రనౌట్ మీద పడి ఏడిచారు. నేను టీ గ్లాసులు మోశాను.

పెళ్ళికి పది రోజులుందనగా పంపుహౌస్‌కి వెళ్ళాను. వాడు డ్యూటీలో ఉండగానే వెళ్ళాను. నన్ను చూడగానే వాడి మొహం పాలిపోయింది. మాలో డ్యూటీ మధ్యలో ఎవరూ రారు మరి.

"ఏటప్పా? పిల్లకేటైనా అయినాదా?"

"పిల్ల బాగుంది. నాన్న పోయిన రోజు నీకు పోన్ చెయ్యమని మీ బావ నాకు సెప్పినాడ్రా. నానే చెయ్యనేదు."

మోటారు హోరు. వాడికి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏటీ?" అన్నాడు. గుసగుసగా చెప్పుకోవాల్సిన మాట గొంతు చించుకుని అరిచి చెప్పాల్సి వచ్చింది. "నానే చెయ్యనేదు! చేసినానని మీ బావకి అబద్ధం సెప్పినాను! బావ చేస్తానన్నాడని నీకు అబద్ధం సెప్పినాను!" పక్క గదిలో క్లర్క్ ఒకాయన తల బయటికి పెట్టి చూశాడు. బెంగాలీ ఆయన, అర్థం కాలేదు, అదొక్కటే అదృష్టం.

తమ్ముడు ప్రెషర్ గేజ్ వైపు తిరిగాడు. అందులో అంకె చూసి రిజిస్టర్‌లో రాశాడు. ఆ పుస్తకం మూశాడు. "నాన్న నన్నడిగినాడా?" అన్నాడు.

"అడిగినాడు. రెండుసార్లు."

వాడు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "బావకి సెప్పినావా?" అన్నాడు.

"నేదు. పిల్ల పెళ్ళి అయిపోనీ, తరవాత..."

వాడు నవ్వాడు. నవ్వంటే నవ్వు కాదు. "నీకు ఎప్పుడూ షిఫ్టు దిగినాకే" అన్నాడు. "ఎల్లప్పా. వాల్వు తిప్పాల నాను."

వస్తాడో రాడో చెప్పలేదు. ఆ పది రోజుల్లో మా ఆయనకి చెప్దామని మూడుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ఆయన పందిరివాడితో ఫోన్‌లో ఉన్నాడు. ఒకసారి స్నానానికి వెళ్తున్నాడు. మూడోసారి ఏ పనీ లేదు, ఖాళీగానే కూర్చున్నాడు. అయినా చెప్పలేదు.

పెళ్ళి రోజు పొద్దున్న వాడు వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, బుట్ట మొయ్యడానికి తయారై వచ్చాడు. మా అమ్మాయి పెళ్ళికూతురు ముస్తాబులోనే పరుగెత్తుకుంటూ వెళ్ళి వాడి మెడ పట్టుకుంది. నేను వెళ్ళి అక్షింతల పళ్ళెం అందుకున్నాను.

మా ఆయన ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే ఆయన ఎలా అవుతాడు? పందిట్లో అందరూ చూస్తుండగా, "ఏటి బామ్మర్దీ, వొచ్చినావే! పిలిచింది ఇనబడ్డాదేటి ఈసారి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. మా వియ్యంకుడు గబగబా అడ్డు వచ్చాడు, మళ్ళీ మొదలవుతుందని.

తమ్ముడు బుట్ట దగ్గర వంగినవాడు నిలబడ్డాడు. "ఇనబడ్డాది బావా" అన్నాడు. "ఆ రోజు కూడా పిలిచినాడు. మావోడికి ఇనబడ్డాది. మావోడే కదల్నేదు. తప్పు మావోడిదే."

పందిట్లో కొందరు చప్పట్లు కొట్టారు. "అగో, గిప్పటికి తేలింది!" అని మా వియ్యంకుడు సంబరపడ్డాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఆ మనిషి కళ్ళు ఎర్రబడ్డాయి. నాలుగంగల్లో వెళ్ళి వాణ్ణి కావలించుకున్నాడు. వీపు మీద చరుస్తూ, "పోన్లేరా. కొత్త ఉద్యోగం అప్పుడు. బయపడినావు. నాకు తెల్దేటి? అయిపోనాది, వొదిలీ" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మోసిన కోపాన్ని అక్కడే దింపేసి వాణ్ణి క్షమించేశాడు. చెయ్యని తప్పుకి వాడు తల వంచి ఆ మన్నింపు పుచ్చుకున్నాడు. నేను మూడు బారల దూరంలో అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

వాడు బుట్ట ఎత్తాడు. పిల్ల పందిట్లోకి వచ్చింది. పెళ్ళయిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ఆదివారం ఆదివారం వస్తున్నాడు. అరుగు మీద కూర్చుంటాడు. మా ఆయన నలుగురినీ పిలిచి, "మా బామ్మర్ది ఒప్పుకున్నాడు తెలుసా, ఆ రనౌట్ నిలకడోడిదే తప్పు" అని చెప్తాడు, అది చెప్పేటప్పుడు పెద్దమనసున్న మనిషిలా వాడి భుజం మీద చెయ్యి వేస్తాడు. వాడు "అవును బావా" అంటాడు. నేను టీ ఇస్తే తీసుకుంటాడు. నన్ను అప్పా అని పిలవడం మానేశాడు. ఆ సంగతి మా ఆయన ఇంకా గమనించలేదు.

ఇదంతా తెలుగులో రాశాను. మా ఆయన చిన్నప్పటి నుంచి బెంగాలీ బళ్ళో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం చదవలేడు. అది తెలిసే రాశాను.